పలకను పట్టుకో

పోయిన శుక్రవారం పొద్దున మసీదు మైకులో ఒకాయన పేరు చెప్పి, ఆయన భార్య చనిపోయిందన్నారు. మా నరసరావుపేట వీధిలో ఆమెను ఫలానా ఆయన భార్యగా ఎవరమూ ఎరగం. చర్చికి వెళ్లే మాతో సహా అందరికీ ఆమె ఖాలాయే, అంటే పిన్నే.

చిన్నప్పుడే పోలియోతో కాళ్లు పడిపోయాయి. జాకెట్లు కుట్టేది. మిషనుకు వేసే నూనెనే తన చక్రాల కుర్చీకీ వేసి, "రెండూ నా బళ్లే" అనేది. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటిదాన్ని నేను. బయలుదేరుతుంటే కిటికీలోంచి అరిచేది: "ఏమే, తలెత్తి నడువు. పడితే లేద్దువుగాని."

ఏడాదికోసారి మా వీధి ఆడవాళ్లం వండుకుని కృష్ణ ఒడ్డుకు వెళ్తాం. మేం పడవెక్కితే ఖాలా చెప్పులకూ సంచులకూ కాపలా. అది వాడుకైపోయింది. ఒక ఏడాది ఆమె సంచులు పక్కకు నెట్టి, "ఈసారి నేనూ వస్తా" అంది.

రేవులోకి దిగాలంటే అన్నీ మెట్లే. పడవవాళ్లు మంచిగానే అన్నారు, "నలుగురం ఎత్తి కూర్చోబెడతాంలే అమ్మా" అని.

"ఎత్తడానికి నేనేమన్నా మిర్చి టిక్కీ బస్తానా? ఆ పక్క సామాన్లు దింపే వాలుదారి ఉందిగా. గేటు తీయండి."

"అది స్టాఫుకమ్మా. తాళం వేసుంటది."

ఖాలా కుర్చీని మెట్లకు అడ్డంగా పెట్టి బ్రేకు వేసింది. వెనక లైను ఆగిపోయింది. ఒకాయన కసిరాడు: "ఒక్క మనిషి కోసం ఇంతమందిని ఆపుతావా?"

"ఒక్కదాన్నేనా? మీ అమ్మను చూడు అబ్బాయ్, మోకాళ్లు పట్టుకుని నిలబడింది."

ఆ పెద్దావిడ కొడుకు వంక చూడలేదు. మెల్లగా వెళ్లి గేటు దగ్గర నిలబడింది. ఆ తర్వాతే తాళంచెవి వచ్చింది.

ఒడ్డుకూ పడవకూ మధ్య చెక్కపలక వేశారు. ఒకతను ఆమె చేయి అందుకోబోయాడు. "నన్ను పట్టుకోబాకు. పలకను పట్టుకో" అంది. చక్రాలు తనే తిప్పుకుంటూ ఎక్కింది.

మరుసటి ఏడాది మళ్లీ తాళం. మళ్లీ కుర్చీ అడ్డం. ఎన్నిసార్లు గొడవపడతావు ఖాలా అంటే, "తాళానికి లేని సిగ్గు నాకెందుకే?" అంది.

ఇప్పుడు ఆమె పోయాక చూడవచ్చినవాళ్లంతా "పాపం" అంటున్నారు. నాకు ఆ మాట మింగుడుపడటం లేదు. నది చూడవచ్చిన మనిషి ముందు దారి కోసం కొట్లాడాలా?

ఈ ఆదివారం ఒక్కదాన్నే రేవుకు వెళ్లాను. గేటుకు తాళం ఉంది. తీయమన్నాను.

"కుర్చీలో వచ్చినవాళ్లెవరూ లేరుగా. ఎవరికి?" అన్నాడు వాచ్‌మన్.

"వచ్చేవాళ్లకి. వాళ్లు వచ్చి నిన్ను బతిమాలనక్కర్లేదు."

అతను కదల్లేదు. నేను మెట్లకు అడ్డంగా కూర్చున్నాను. ఎండెక్కింది, లైను పెరిగింది, నా మీద అరుపులూ పెరిగాయి. చివరికి గొణుక్కుంటూ వెళ్లి తీశాడు.

కాసేపటికి ఎవరో ఒకమ్మాయి చంటిబిడ్డను బండిలో తోసుకుంటూ, ఫోన్లో నవ్వుతూ మాట్లాడుతూ, ఆ వాలుదారి మీదుగా నీళ్ల దాకా దిగిపోయింది. అక్కడొక గేటు ఉందని కూడా ఆమె గమనించలేదు.