అద్దె ఇంట్లో చావకూడదట

మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, ఇళ్లు అద్దెకివ్వడం గురించి మాట్లాడటం మొదలుపెడితే ఎదుటివాళ్ల కాఫీ చల్లారిపోవాల్సిందే. భవానీపురంలో మా రెండిళ్లూ పక్కపక్కనే. ఆయనది నాలుగంతస్తుల బిల్డింగు, నిండా అగ్గిపెట్టెల్లాంటి పోర్షన్లు. మాది చిన్నది. కింద మేము, మా పక్కన ఒక పోర్షను, పైన ఇంకొకటి. మా ఆయనకి వన్ టౌన్‌లో బట్టల కొట్టు. పొద్దున వెళితే రాత్రికిగానీ రారు కాబట్టి అద్దెవాళ్ల వ్యవహారమంతా నాదే. ఇల్లు కట్టుకున్న కొత్తలో నాకు అనుభవం లేదని జాలిపడి, బావగారు పిలవకుండానే వచ్చి పాఠం చెప్పారు.

"చూడమ్మా, ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ల మొహాలు కాదు, చెప్పులు చూడు. అరిగిపోయిన చెప్పులైతే పోర్షను ఇచ్చేశామని చెప్పెయ్. గోడకి మేకు కొట్టనివ్వకు. డాబా తలుపుకి తాళం వెయ్. చుట్టాలొస్తే ఎన్నాళ్లుంటారో మొహమాటం లేకుండా అడుగు. అన్నిటికంటే ముఖ్యం, ముసలివాళ్లున్న కుటుంబానికి ఇవ్వకు."

"ముసలివాళ్లు ఏం చేస్తారు బావగారూ?"

"పోతారు" అన్నారు, కరెంటు పోతుందన్నంత తేలిగ్గా. "మన ఇంట్లో పోతే మైల ఎవరికి? మనకే. నక్షత్రం మంచిది కాకపోతే నెలల తరబడి మూసిపెట్టుకోవాలి. తర్వాత తెరిచినా ఎవడొస్తాడు?"

అప్పటికే ఆయనకి డెబ్బై దాటాయి. ముసలివాళ్లంటే ఎక్కడో వేరే జాతి అన్నట్టు మాట్లాడారు.

ఆయన చెప్పినవేవీ నేను పాటించలేదు. నాకు తోచిన పద్ధతి నేను పెట్టుకున్నాను. కుళాయి కారుతోందంటే ఆ రోజే ప్లంబర్ని పిలవడం, వాళ్ల గుమ్మంలోకి వెళ్లేముందు ఒక ఫోన్ చేయడం, ఖాళీ చేయించాల్సివస్తే వాళ్లు ఇంకో ఇల్లు వెతుక్కునేంత ముందుగా చెప్పడం. అద్దెకిచ్చేవాళ్లకి ఇంతకంటే విద్య అక్కర్లేదు. తాళాలు, నిఘాలు, చెప్పుల పరిశీలన, ఇవన్నీ ఇల్లు ఇచ్చేసి కూడా ఇవ్వలేని వాళ్ల జబ్బు.

బావగారి బిల్డింగులో ఒక కుర్ర జంట ఉండేది. అతను ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో కాంట్రాక్టు ఉద్యోగి. ఆ అమ్మాయి చిన్నపిల్లల బడిలో టీచరు. మైలవరం దగ్గర పల్లెలో ఒంటరిగా ఉండే తల్లికి చూపు మందగిస్తే అతను తీసుకొచ్చి తన దగ్గర పెట్టుకున్నాడు. అది మొదలు బావగారికి నిద్ర లేదు. మెట్ల దగ్గర కనపడినప్పుడల్లా "మీ అమ్మ ఎప్పుడు వెళుతుంది?" అని అడిగేవారు.

ఆ ఎండాకాలం ఆవిడ మంచాన పడింది. హాస్పిటల్లో చేర్చారు. ఒక పొద్దున నేను మా గేటు ముందు బండి దగ్గర దొండకాయలు ఏరుకుంటుంటే ఆ అబ్బాయి ఆటో దిగి నేరుగా, పక్క గుమ్మంలో పెసరట్టు తింటున్న బావగారి దగ్గరికి వెళ్లాడు.

"అంకుల్, అమ్మని ఇవాళ డిశ్చార్జ్ చేస్తున్నారు."

"తగ్గిందా?"

"లేదండీ. ఇంక చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్లి బాధ లేకుండా చూసుకోమన్నారు."

"మీ ఊరికి తీసుకెళ్లు మరి."

"ఊళ్లో ఇల్లు కూలిపోయిందండీ. ఎవరూ లేరు కూడా."

"అయితే హాస్పిటల్లోనే ఉంచు బాబూ. ఇక్కడికి మాత్రం వద్దు. బిల్డింగులో ఇంకా కుటుంబాలున్నాయి, వాళ్ల మంచీచెడ్డా నేను చూడాలి కదా!"

పెసరట్టు తిన్న చెయ్యి లుంగీకి తుడుచుకుంటూ అన్నారా మాట. ఆ అబ్బాయి గొడవపడలేదు. ఫోను చేతిలో పట్టుకుని, ఎవరికి చెయ్యాలో తెలియక దానివంక చూస్తూ నిలబడ్డాడు. నాకు కోపం కూడా రాలేదు. కోపం మనిషి మీద వస్తుంది. నాకు వచ్చింది రోత.

"బాబూ, మా పక్క పోర్షను ఖాళీగానే ఉంది. సున్నాలు కూడా వేయించాను. అమ్మని అక్కడికి తీసుకురా" అన్నాను.

బావగారు నావైపు తిరిగారు. "అమ్మాయ్, నీకు తెలీదు, ఊరుకో. తమ్ముణ్ణి అడిగావా?"

"లేదండీ. సాయంత్రం చెప్తాను."

చెప్పాల్సిన పని పడలేదు. మా ఆయన ఇంటికి వస్తూనే "అన్నయ్య ఫోన్ చేశాడు" అన్నారు.

"ఏమన్నారు?"

"నిన్ను అదుపులో పెట్టుకోమన్నాడు."

"మరి?"

"అన్నం పెట్టు, ఆకలేస్తోంది" అన్నారు. పుట్టిన దగ్గర్నుంచి అన్నగారికి ఎదురుచెప్పని మనిషి. ఆయనకి ఆ మాత్రం ధైర్యం ఉంటుందని నేనూ అనుకోలేదు.

వచ్చినావిడ చేతులెత్తి దణ్ణం పెట్టి కన్నీళ్లు పెట్టుకునే రకం కాదు. మంచం మీద పడుకోబెట్టగానే చుట్టూ తడిమినట్టు చూసి, "ఈ కిటికీ ఇటు ఎవరు పెట్టమన్నారమ్మాయ్? పడమటెండంతా మొహం మీదే" అంది. నిజమే. మేస్త్రీ చెప్పినా వినకుండా నేనే పెట్టించాను. మర్నాడు మందపాటి కర్టెను కట్టాను. రంగు కూడా నచ్చలేదంది.

"మీ బావగారు నన్ను వద్దన్నాడటగా" అని ఒకరోజు తనే కదిపింది.

నేను మజ్జిగ గ్లాసు ఆవిడ చేతికందించాను.

"నాకూ ఆయన ఇల్లు నచ్చలేదులే. గాలి రాదు. గొడ్ల పాక నయం."

వేళ్ల మీద లెక్కపెట్టే రోజులే అని డాక్టర్లన్న మనిషి వానలు పడేదాకా ఉంది. మజ్జిగ పులిసిందని, బెజవాడ నీళ్లకి రుచి లేదని, కోడలు జడ సరిగ్గా వేసుకోదని తిడుతూనే ఉంది. సాయంత్రాలు వెళ్లి ఆ తిట్లు వింటూ కూర్చోవడం నాకు అలవాటైపోయింది. ఈ లోపల పైపోర్షను వాళ్లు ఖాళీ చేస్తామన్నారు. "మాకేం లేదండీ, కానీ భయంగా ఉంది" అన్నారు. వాళ్లని వీధి మలుపులో ఆపి బావగారు చాలాసేపు మాట్లాడటం నేను చూశాను. వెళ్లమన్నాను. బతిమాలితే ఆగేవాళ్లేమో. బతిమాలబుద్ధి కాలేదు.

ఒక ముసురు పొద్దున ఆ కోడలు మా తలుపు కొట్టింది. "అత్తయ్య పలకట్లేదు ఆంటీ."

వెళ్లి చూస్తే అయిపోయింది. నిద్రలోనే పోయింది. అబ్బాయి గోడకానుకుని కింద కూర్చుండిపోయాడు. ఆ పిల్ల ఏడవటం మొదలుపెట్టబోయి, ఆపుకుని, నన్ను అడిగింది: "ఆంటీ, ఎంతసేపట్లో తీసెయ్యాలి?"

ఇంట్లో చావు జరిగితే ముందు ఏడవాలని తెలియాల్సిన వయసులో, ముందు ఓనర్ని అడగాలని నేర్చుకుంది ఆ పిల్ల. అది ఎవరు నేర్పారో నాకు తెలుసు. ఒక్క బావగారే కాదు, ఈ ఊళ్లో గేటుకి టులెట్ బోర్డు కట్టే సగంమంది నేర్పారు. వీధిలో టెంటు కింద, ఆ టెంటుకూ ఒప్పుకోకపోతే అంబులెన్సులోనే, తల్లిదండ్రుల్ని పెట్టుకుని చుట్టాల కోసం చూసినవాళ్లని నేను ఎంతమందినో చూశాను. గేటు లోపల ఓనర్లు దీపాలు పెట్టుకుని పూజలు చేసుకుంటుంటారు.

"మీవాళ్లందరూ వచ్చి చూసుకున్నాకే" అన్నాను. "ఇది మీ ఇల్లు. ముందు ఏడు."

అప్పుడు ఏడ్చింది.

ఫ్రీజర్ పెట్టె తెప్పించి హాల్లోనే పెట్టాం. గేటు బార్లా తెరిచి వాకిట్లో కుర్చీలు వేయించాను. మా ఆయన ఎటో వెళ్లిపోయారు. అన్నగారి మాటలు తప్పించుకోవడానికి కొట్టుకి పారిపోయారనుకుని మనసులో తిట్టుకున్నాను. కాసేపటికి తడుస్తూ తిరిగొచ్చారు, చేతిలో కొత్త చేనేత చీర. ఎవరూ అడగలేదు. ఆ అమ్మాయి చేతికిచ్చి, "అమ్మగారికి కట్టండి. మెత్తటి నూలు" అన్నారు.

మధ్యాహ్నం బయల్దేరదీశారు. బావగారు తమ గేటుకి గొలుసు వేయించి, పై బాల్కనీలో నిలబడి చూస్తున్నారు. మా ఆయన పాడె పక్కనే నడిచి ఆ గేటు ముందు నుంచే వెళ్లారు. తల పైకెత్తలేదు. ఎవరి తరఫున సిగ్గుపడ్డారో నేను అడగలేదు.

ఆ తర్వాత బావగారికి ఏదో శాస్తి జరిగిందని చెప్పాలని నాకూ ఉంది. ఏమీ జరగలేదు. ఆ జంట ఖాళీ చేసిన పోర్షనులో ముసలివాళ్లు లేని కుటుంబం చేరింది. ఆయన బీపీ అదుపులోనే ఉంది. గన్నవరంలో కొత్తగా ఇల్లు కట్టుకున్న చుట్టాలు ఇప్పటికీ అద్దెల గురించి ఆయన్నే సలహా అడుగుతారు. అలాంటివాళ్లకి లోకంలో శిష్యుల కొరత లేదు.

ఆ అబ్బాయీ, ఆ అమ్మాయీ మా పక్క పోర్షనులోనే ఉన్నారు. పైది మాత్రం చాన్నాళ్లు ఖాళీగా పడి ఉంది. ఇల్లు చూసి బాగుందన్నవాళ్లు బయటికి వెళ్లి, బావగారి కంటపడి, మళ్లీ ఫోను ఎత్తేవాళ్లు కాదు. చివరికి నడివయసున్న ఒకావిడ వచ్చింది. ఏదో లాబ్‌లో పనిచేస్తుందట. గదులన్నీ చూసి వెళ్లి, పది అడుగులు వేసి, వెనక్కి వచ్చింది.

"పక్కింటి పెద్దాయన చెప్పారండీ, ఇక్కడ ఎవరో పోయారట."

"అవునండీ. కింద పోర్షనులో. పెద్దావిడ, నిద్రలో పోయారు."

"సరేలెండి. అది కాదుగానీ, డాబా మీద బట్టలారేస్తే కొండ మీంచి కోతులొస్తాయా?"

"వస్తాయండీ. పోయిన వారం మా ఆయన పంచె ఎత్తుకుపోయాయి" అన్నాను.

ఆవిడ నవ్వి, సామాను ఆదివారం తెచ్చుకుంటానంది.