నల్ల ముసుగులో నేను, పులి చొక్కాలో తమ్ముడు

తమ్ముణ్ణి కుస్తీ కంపెనీకి తీసుకువెళ్ళింది నేనే. వాణ్ణి ఇంట్లోనే ఉంచి ఉంటే నా బతుకు వేరుగా ఉండేదని చాలా ఏళ్ళు అనుకున్నాను.

అవి మలయాలో తెల్లవాళ్ళు పెట్టిన ఎమర్జెన్సీ రోజులు. చీకటి పడితే కర్ఫ్యూ. ఎటు వెళ్ళినా దారిలో చెక్‌పోస్టులు. అడవిలోని కమ్యూనిస్టులకు చేరకుండా మా రబ్బరు ఎస్టేట్‌లో బియ్యం కూడా కొలిచి ఇచ్చేవారు. నాన్న పోయాక అమ్మ ఒక్కతే రబ్బరు చెట్లకు గాట్లు పెట్టి, పాలు తీసి మా ఇద్దర్నీ పెంచింది.

కంపెనీ అంటే పెద్దదేం కాదు. మోకాళ్ళు పాడై ఆట మానేసిన ఒక పంజాబీ పెద్దమనిషి, ఏడెనిమిది మంది వస్తాదులు, ఒక పాత లారీ, విప్పి మళ్ళీ బిగించుకునే రింగు. యజమానిని అక్కడ తౌకే అంటారు, ఆయన్నీ మేం అలాగే పిలిచేవాళ్ళం. సెలంగోర్ తీరం వెంబడి ఊరూరూ తిరిగేవాళ్ళం. కర్ఫ్యూ వల్ల ఆట మధ్యాహ్నం మూడింటికే మొదలయ్యేది. ఎవరు గెలవాలో ఎవరు ఓడాలో తౌకే పొద్దునే చెప్పేసేవాడు. జనానికి ఆ సంగతి తెలియదు. తెలిసినవాళ్ళు కూడా తెలియనట్టే గొంతు చించుకుని అరిచేవారు.

నేను చేరిన ఏడాదికి తమ్ముడు వచ్చాడు. పడటం, లేవటం, ఎదుటివాడికి దెబ్బ తగలకుండా విసరటం, అన్నీ నేనే నేర్పాను. ఒకరోజు తౌకే మమ్మల్ని పక్కపక్కన నిలబెట్టి, "వీడి మొహం జనం చూడాలి. నీ మొహం దాచాలి" అన్నాడు వచ్చీరాని తమిళంలో. తమ్ముడికి పసుపు చారల చొక్కా ఇచ్చి పులి అని పేరు పెట్టాడు. నాకు నల్లగుడ్డ ముసుగు ఇచ్చాడు. ముసుగులో ఎవరున్నారో ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పకూడదని షరతు పెట్టాడు. కంపెనీ లారీ తోలుతున్నానని అమ్మతో చెప్పాను. అది సగం నిజమే.

అప్పట్నుంచి వారానికి రెండుసార్లు తమ్ముడి చేతిలో ఓడిపోయాను. వాడు రింగెక్కి నవ్వితే చాలు, చైనావాళ్ళు, మలయ్‌లు, మనవాళ్ళు అందరూ లేచి నిలబడేవారు. నా మీద అరటితొక్కలు పడేవి. ఒకసారి చెక్‌పోస్టులో పోలీసు నా సంచిలో ముసుగు చూసి, దొంగపనికా అడవివాళ్ళ పనికా అని నిలదీశాడు. వెనక కూర్చున్న తమ్ముడు తల బయటపెట్టి నవ్వాడు. పోలీసు వాణ్ణి గుర్తుపట్టి, చెయ్యి కలిపి, గేటెత్తి మమ్మల్ని పంపేశాడు. ఆపదలోంచి బయటపడ్డానన్న సంతోషం లేదు నాకు. దారంతా పళ్ళు నూరుకుంటూ లారీ నడిపాను.

అన్నిటికంటే అమ్మ సంగతే ఎక్కువ బాధపెట్టింది. మా ఎస్టేట్‌కు దగ్గరున్న క్లాంగ్‌లో ఆట ఉంటే వచ్చి ముందు వరసలో కూర్చునేది. "ఆ ముసుగెదవ నడుమిరిసెయ్ నాయనా! ఆడి సేతులు పడిపోను!" అని అరిచేది. ఇంటికెళ్ళాక తమ్ముడి కంచంలో ఎండుచేప ఇంకోటి వేస్తూ, "సూసినావేట్రా పెద్దోడా, నా బంగారం ఎలా కొట్టినాడో?" అని నన్నడిగేది.

"సూసినానమ్మా" అనేవాణ్ణి. తమ్ముడు తలదించుకుని తినేవాడు. ఆ తలదించుకోవడం కూడా నాకు నచ్చేది కాదు.

మెర్డేకా, అంటే స్వాతంత్ర్యం వచ్చిన వారం, ఆ సంబరాల్లో, క్లాంగ్ మైదానంలో పెద్ద ఆట పెట్టాడు తౌకే. ఆరోజు పులి నన్ను ఓడించి, అందరి ముందూ నా ముసుగు లాగేయాలి. అదే ఆకర్షణ. అమ్మ ముందు వరసలోనే ఉంటుంది. నా మొహం ఆమె మొదటిసారి రింగులో చూసేది ఓడిపోయిన మొహమే అవుతుందన్న ఆలోచన నన్ను వదల్లేదు.

అయిదో నిమిషంలో నేను పడాలి. పడలేదు. తమ్ముడి చెయ్యి వెనక్కి విరిచి పట్టుకున్నాను.

"అన్నా, ఒగ్గెయ్! ఏటి సేస్తన్నావు?" అన్నాడు గుసగుసగా.

"దమ్ముంటే నిజంగా గెలువు."

"నీతో నిజంగా ఆడన్లే అన్నా."

వాడు తిరగబడి ఉంటే వదిలేసేవాణ్ణేమో. ఆ మంచితనమే నన్ను రెచ్చగొట్టింది. చెయ్యి ఇంకా మెలితిప్పాను. భుజం జారిన చప్పుడు నా అరచేతికి తెలిసింది. వాడు కేక పెట్టి కూలబడ్డాడు.

అమ్మ తాళ్ళ కిందనుంచి దూరి వచ్చి గొడుగుతో నా వీపు మీద కొట్టసాగింది. నాలుగు దెబ్బలు తిన్నాక ముసుగు నేనే తీసేశాను.

గొడుగు గాల్లోనే ఆగిపోయింది. "పెద్దోడా... ఇన్నాళ్ళూ నాను తిట్టినవన్నీ నిన్నేనేట్రా?"

"ఒక్కరోజైనా నా కోసం అరిసినావేటమ్మా?"

"నువ్వు ఆడతన్నావని నాకెవులు సెప్పినార్రా?"

ఆమె రింగు మధ్యలోనే చతికిలబడి, ఒక చేత్తో తమ్ముడి తల పట్టుకుని, రెండో చేత్తో నా వీపు తడిమింది. ఆ క్షణంలో కూడా తమ్ముడి వైపున్నది ఏ చెయ్యా అని చూశాను. కుడి చెయ్యి.

ఆసుపత్రికి వచ్చిన తౌకేతో తమ్ముడు, "కాలు జారి పడ్డాను, అన్న తప్పేటీ నేదు" అన్నాడు. వాడి కుడి భుజం మళ్ళీ పూర్తిగా కుదరలేదు. వాడు ఆట మానేసి కువాలా సెలంగోర్ బస్సులో కండక్టరుగా చేరాడు. పులి చొక్కా నాకిచ్చారు. రెండు నెలలు వేసుకుని గెలిచాను. జనం చప్పట్లు కొట్టారు గానీ లేచి నిలబడలేదు. ఆ చొక్కా తౌకేకి తిరిగి ఇచ్చేసి, ఒక రంపపు మిల్లులో లారీ డ్రైవరుగా కుదిరాను.

క్షమించమని తమ్ముణ్ణి అడగడానికి నాకు ఆరేళ్ళు పట్టింది. "ఎప్పుడో మర్సిపోనాను అన్నా" అని నవ్వేశాడు. వాడి పిల్లలు కుస్తీ కథ చెప్పమని అడిగితే ఎడమ చేత్తో నన్ను చూపించి, "అసలు ఆట వొచ్చినోడు మీ పెదనాన్నే" అంటాడు. నాకు కళ్ళు తడి అవుతాయి. అయినా అంత తేలిగ్గా ఆ మాట వాడెలా అనగలుగుతున్నాడా అని ఈ వయసులోనూ కుళ్ళుకుంటాను.