గుండె గట్టిదన్నారు

తండ్రి పోయిననాడు ఆమెకు ఎనిమిదేళ్లు. ఇల్లంతా ఏడుపులు. ఆమె మాత్రం కుళాయి దగ్గర నిలబడి బిందె నింపుతోంది. వచ్చినవాళ్లు మంచినీళ్లు అడుగుతున్నారు, ఇచ్చేవాళ్లు లేరు. అంతకు కాసేపటి ముందే తల్లి ఆమె భుజాలు రెండూ గట్టిగా పట్టుకుని, "నువ్వు ఏడిస్తే తమ్ముడు బెదిరిపోతాడు. ఏడవకు" అని చెప్పింది. ఆ మాట ఇంకెవరూ వినలేదు. చంకన బిందెతో లోపలికి వస్తున్న పిల్లను చూసి మేనత్త బుగ్గలు నొక్కుకుంది.

"చూశారా, కంట్లో చుక్క నీరు లేదు! ఇది పిల్ల కాదు, రాయి."

అది తిట్టో మెప్పో ఆ రోజు ఎవరికీ తేలలేదు. ఏడాది తిరిగేసరికి మెప్పుగా స్థిరపడింది. "మా పెద్దదానికి గుండె గట్టిది" అని తల్లే నలుగురిలో చెప్పుకునేది. తమ్ముడి మోచెయ్యి చీరుకుపోయి కుట్లు వేస్తుంటే వాణ్ణి ఒళ్లో పట్టుకుని కూర్చున్నది ఆమే. తల్లి వరండాలో చెవులు మూసుకుని నిలబడింది. చుట్టాల్లో ఎవరికైనా చెడ్డ కబురు చేరవేయాలంటే "రాయిని పంపండి" అనేవారు. పెళ్లి సంబంధం మాట్లాడటానికి వచ్చిన ఒకాయన, ఆమె ఎదురుగా కూర్చుంటే తనకే కాళ్లు వణికాయని కబురు పెట్టాడట. ఇంట్లో అందరూ పడీ పడీ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ తర్వాత సంబంధాలేవీ కుదరలేదు.

అందరూ అన్నదే ఆమె కూడా నమ్మింది. సినిమా హాల్లో పక్కవాళ్లు ముక్కులు చీదుతుంటే తనకేమీ రాదు. తనలో ఏదో పుట్టుకతోనే లేదనుకుని సరిపెట్టుకుంది.

బతుకుతెరువుకు డ్రైవింగ్ స్కూల్లో చేరింది. కారు నేర్పే పని. నేర్చుకునేవాళ్లు స్టీరింగ్ పట్టుకుంటే, పక్క సీట్లో కూర్చున్న ఆమె కాలి కింద ఇంకో బ్రేకు ఉంటుంది. లారీ మీదికి వస్తున్నా ఆమె గొంతు పెరగదు. "క్లచ్ తొక్కండి. ఇప్పుడు బ్రేకు. అయిపోయింది, ఊపిరి పీల్చుకోండి." ఈ నెమ్మది కోసమే జనం ఆమె దగ్గరకు వచ్చేవారు.

ఆ రోజు పొద్దున స్టీరింగ్ వెనకాల రిటైరైన లెక్కల మాస్టారు ఉన్నారు. రోడ్డు పక్కన పడుకున్న కుక్కను చూసినా హారన్ కొట్టే రకం. ఆయన కారు రివర్సు చేస్తుండగా ఆమె ఫోన్ మోగింది. తమ్ముడి నంబరు. ఎత్తితే ఎవరిదో బొంగురు గొంతు.

"ఈ ఫోన్‌లో అక్క అని ఉంది. మీరేనా?"

"నేనే. మీరెవరు?"

"పోలీసులం అమ్మా. హైవే మీద వ్యాను బోల్తా పడింది. నడిపే అబ్బాయి జర్కిన్‌లో ఈ ఫోను దొరికింది. ఇంట్లో ఎవరైనా పెద్దాసుపత్రి మార్చురీకి రావాలి."

తమ్ముడు సరుకుల వ్యాను నడుపుతాడు. తెల్లవారుజామునే డ్యూటీకి వెళ్లాడు.

ఆమె ఫోన్ పెట్టేసి, "మాస్టారూ, హ్యాండ్ బ్రేక్ వేయండి" అంది. గొంతులో మార్పేమీ లేదు. ఆయనకు ఏమీ తెలియలేదు.

ఇంటికి వచ్చేసరికి తల్లి, తమ్ముడి భార్య, పక్క వీధిలో ఉండే బాబాయి హాల్లో ఉన్నారు. కంపెనీ వాళ్లు బాబాయికి ముందే ఫోన్ చేశారు. తమ్ముడికి ఇచ్చిన వ్యానే బోల్తా పడిందని చెప్పారు. మరదలు గోడకు చేరగిలబడి వెక్కుతోంది. తల్లి కూతురి చెయ్యి పట్టుకుంది.

"నువ్వు వెళ్లు. నువ్వైతే తట్టుకుంటావు."

బాబాయి చొక్కా గుండీలు విప్పుకుంటూ, "నాకు బీపీ కదమ్మా, లేకపోతే నేనే వెళ్లేవాణ్ణి" అన్నాడు.

వాళ్ల మాటలు పూర్తికాకముందే ఆమె చెప్పుల్లో కాళ్లు పెట్టింది. "నేనే వెళ్తాను" అంది. తోడు వస్తామని ఎవరూ అనలేదు. తోడు కావాలని ఆమెకూ తోచలేదు.

మార్చురీ ఆసుపత్రి వెనకాల ఉంది. పొడుగాటి వరండా, చివర ఇనుప తలుపు, ముందు ఒక చెక్క బల్ల. కానిస్టేబుల్ ప్లాస్టిక్ సంచిలోంచి నీలం జర్కిన్ తీసి చూపించాడు. పై నుంచి రెండో గుండీ మిగతావాటి రంగులో లేదు. అది ఆమె కుట్టిందే.

"మీవాళ్లదేనా?"

"మా తమ్ముడిదే."

"తాళాలు ఉన్న ఆయన టీకి వెళ్లాడు. కాసేపు కూర్చోండి."

ఆమె కూర్చుంది. ఆ తలుపు వైపే చూస్తూ తనకు ఇంకా ఏమీ అనిపించడం లేదేమిటని ఆశ్చర్యపోయింది. సొంత తమ్ముడు! నిజంగా రాయినే కాబోలనుకుంది. తర్వాత చూసుకుంటే తన కుడికాలు బ్రేకు తొక్కినట్టు నేలను అదిమి పెట్టి ఉంది. పిక్క బిగుసుకుపోయి నొప్పి పుడుతోంది. ఎత్తుదామంటే రావడం లేదు. రెండు చేతులతో మోకాలు పట్టి లేపుకుంది.

తాళాలాయన వచ్చాడు. ఆమె వెనకాల ఎవరైనా ఉన్నారేమోనని చూశాడు.

"ఇంట్లో మగవాళ్లు లేరా తల్లీ?"

"ఉన్నారు. నన్ను పంపించారు."

లోపల చలి. ఆయన గుడ్డ అంచు పట్టుకుని ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె తల ఊపింది. ఆయన గుడ్డ తీశాడు.

తమ్ముడు కాదు.

పాతికేళ్లు కూడా ఉండవేమో, సన్నటి మీసం. ఎవరో. ఆమె ఎన్నడూ చూడని ముఖం. కుడి కనుబొమ మీద మట్టి అంటుకుని ఉంది.

హమ్మయ్య అనుకోవడానికి నోరు తెరిచింది. వచ్చింది ఆ మాట కాదు. కడుపులోంచి ఏదో అరుపు వచ్చింది. అది తన గొంతేనని ఆమెకు వెంటనే తెలియలేదు. ఇనుప బల్ల అంచు పట్టుకుని వంగిపోయింది. కళ్లు, ముక్కు, నోరు ఏకమయ్యాయి. ఊపిరి అందడం లేదు. ఆపుకుందామంటే ఎలా ఆపుకోవాలో ఎంత వెతికినా దొరకలేదు.

"మీవాడేగా తల్లీ?" అని తాళాలాయన మెల్లగా అడిగాడు. ఆమె ఏడుపునే జవాబనుకుని కానిస్టేబుల్ పెన్ను తీశాడు. కాదని చెప్పాలి. చెప్పకపోతే ఆ అబ్బాయి తమ్ముడి పేరు మీద వెళ్లిపోతాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. వాళ్లకది తట్టుకోలేకపోవడంలా కనిపించింది. కానిస్టేబుల్ పెన్ను ఆనించాడు. ఆమె చెయ్యి చాచి ఆ పెన్ను పట్టేసుకుంది.

"కాదు... వీడు... మా తమ్ముడు కాదు."

కానిస్టేబుల్ అయోమయంగా చూశాడు. "మరెందుకమ్మా ఏడుస్తున్నారు?"

ఆమె పెన్ను తిరిగి ఇచ్చేసింది.

బయటికి వచ్చి ఇంటికి ఫోన్ చేసింది. వాడు కాదనగానే అవతల పెద్ద కేక. మరదలి గొంతు, బాబాయి గొంతు కలిసిపోయాయి. కాసేపటికి తల్లి అడిగింది.

"గొంతేంటే అలా ఉంది? జలుబు చేసిందా?"

"ఏడ్చానమ్మా."

"నువ్వా?" అంది తల్లి. "సర్లే, మీ మరదలికి చెప్పకు. నువ్వే ఏడ్చావంటే అది హడలిపోతుంది."

ఆ అబ్బాయి తరఫువాళ్లు వచ్చేదాకా ఉందామని ఆమె మళ్లీ వెళ్లి వరండాలో బల్ల మీద కూర్చుంది. మధ్యాహ్నానికి తమ్ముడే వేరే ఎవరిదో ఫోన్ నుంచి మాట్లాడాడు. పొద్దున కొత్తగా చేరిన కుర్రాడు చలికి వణుకుతుంటే తన జర్కిన్ ఇచ్చాడు. జేబులో ఫోన్ ఉన్న సంగతే మర్చిపోయాడు. వ్యాన్లు మార్చుకుని ఎవరి దారిన వాళ్లు వెళ్లారు.

"ఆ వ్యాను నేను ఎక్కాల్సింది అక్కా" అన్నాడు. ఇద్దరూ చాలాసేపు ఫోన్ పెట్టలేదు.

కబురు అంది సాయంత్రానికి ఆ కుర్రాడి తండ్రి వచ్చాడు. బక్కపలచని మనిషి. అటొకరు ఇటొకరు చుట్టాలు జబ్బలు పట్టుకుని నడిపిస్తున్నారు. "ఊరుకో బావా, మగాడివి, నువ్వే ఇలా అయిపోతే ఇంట్లో ఆడవాళ్లని ఎవరు చూస్తారు" అంటున్నారు. ఆయన దవడలు బిగించి తల ఊపుతున్నాడు. ఆ బిగింపు ఎలాంటిదో ఆమెకు తెలుసు. ఆమె లేచి ఎదురు వెళ్లింది.

"మీరెవరమ్మా?"

"మీ అబ్బాయి వేసుకున్న జర్కిన్ మా తమ్ముడిది. వాడనుకుని నన్ను పిలిచారు." ఆమె ఇనుప తలుపు వైపు చూపించింది. "నేను మీవాణ్ణి చూసి ఏడ్చాను."

ఆయన ఆమెనే చూస్తూ నిలబడ్డాడు. వరండాలోనే కూలబడి, తలుపు తీయకముందే ఏడ్చేశాడు. చుట్టాలు లేపబోయారు. "ఉండనివ్వండి" అంది ఆమె. ఆయన పక్కనే నేల మీద కూర్చుంది.

తమ్ముడు ఇంటికి చేరాడు. కొన్నాళ్లు వ్యాను ఎక్కలేదు, తర్వాత ఎక్కాడు. బాబాయి వచ్చిపోయే వాళ్లందరికీ అదే కథ. "మా రాయి ఒక్కతే వెళ్లి చూసొచ్చింది. చెక్కు చెదరలేదు!"

ఒక రోజు నలుగురి ముందూ ఆమె, "చెదిరాను బాబాయ్. లేవలేకపోయాను" అంది. ఆయన జోకు అనుకుని నవ్వాడు. మేనత్త మాత్రం, "వయసు మీద పడుతోంది, మెత్తబడుతోంది" అని తేల్చేసింది. ఎవరి ఇంట్లోనో చెడ్డ కబురు చెప్పి రావాలని పిలిస్తే ఆమె ఒంటరిగా వెళ్లనంది. పొగరు పెరిగిందన్నారు. కారులో మాత్రం ఆమె గొంతు ఎప్పటిలాగే నెమ్మదిగా ఉండేది. అది తన స్వభావమో, ఎవరో తొడిగిందో ఆమెకు తేలలేదు. తేల్చుకోవాలనీ అనుకోలేదు.

మరుసటి ఏడు తల్లి మెడ దగ్గర గడ్డ కనిపించింది. పరీక్షకు ముక్క తీశారు. రిపోర్టు వచ్చే రోజు తల్లి మామూలుగానే, "నువ్వు వెళ్లి కనుక్కురా" అంది.

"మరదల్ని కూడా రమ్మను" అంది ఆమె.

ఇద్దరూ డాక్టరు గది బయట ఆనుకుని కూర్చున్నారు. మరదలు చీర కొంగు వేలికి చుట్టి విప్పుతోంది.

"నాకు భయంగా ఉంది వదినా."

"నాకూనే" అంది ఆమె.

మరదలు చటుక్కున తిరిగి చూసింది. ఏదో అడగబోయి మానేసి, ఆమె చేతిని తన ఒళ్లోకి తీసుకుంది. లోపలినుంచి పిలుపు వచ్చింది. భయపడాల్సిందేమీ లేదని డాక్టరు చెప్పేదాకా ఆ చెయ్యి వదల్లేదు.