రెండంగుళాల వదులు

టైలరు మాస్టారికి కింద మిషను లేకపోయినా కుడికాలు తొక్కుతూనే ఉంటుంది. మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క. నిద్రకి తప్ప ఆ రెండూ దిగవు. వారం రోజులుగా ఆ కాలు మరీ జోరు పెంచింది. ఎదురుగా పాత కార్లు అమ్మే కొట్లోకి గొప్పవాళ్ళు ఎక్కే డీజిల్ కారొకటి వచ్చింది. వయసు పద్నాలుగేళ్ళు, తిరిగింది ముప్పై వేల కిలోమీటర్లే. మాస్టారు ఇంజను జోలికే పోలేదు. తోలు సీట్ల మీద కుట్టు వెంబడి వేలు పోనిచ్చి, అక్కడికక్కడే మనసు పారేసుకున్నాడు. "తిరగని డీజిల్ బండికి రోగాలెక్కువ మాస్టారూ," అన్నాడు మెకానిక్కు. "నాకు మాత్రం తక్కువా? ఇద్దరం కలిసి తిరుగుతాం," అన్నాడాయన.

భార్య ఒక్కటే షరతు పెట్టింది: ఇంటి షెడ్డులో పట్టకపోతే మాత్రం కొనకూడదు. ఈ ఉదయం ఆయన కారు వెడల్పు కొలిచి పుస్తకంలో రాసుకున్నాడు, ఇంటికొచ్చి షెడ్డు గుమ్మం కొలిచాడు. కారు డెబ్భై అయిదు అంగుళాలు, గుమ్మం డెబ్భై నాలుగు. ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఆ కుడికాలు ఆగిపోయింది. ఆవిడ ఆ కాలు వంక చూసి, పుస్తకం అందుకుంది.

"ఇందులో వదులెంత కలిపారు?"

"ఎప్పుడూ కలిపేదేగా, రెండంగుళాలు."

"ఎందుకండీ, కారేమైనా విందులకెళ్ళి పొట్ట పెంచుకొస్తుందా?"

ఆ మాట పూర్తయ్యేసరికి కుడికాలు గుమ్మం దాటేసింది. మాస్టారు చెప్పులైనా వేసుకోకుండా దాని వెనకే పరిగెత్తాడు.