పదహారు అడుగుల నీడ

నా చిన్నప్పుడు మా ఊళ్ళో కూలి జనం పని దిగే వేళను ఒక రాయి చెప్పేది. శామీర్‌పేట చెరువు కింద దొరగారి మడులుండేవి. నాట్ల రోజుల్లో గట్టు మీద మనిషి ఛాతీ ఎత్తున ఒక గుంజ పాతి, దానికి తూర్పున కొంత దూరంలో తలకాయంత తెల్లరాయిని పెట్టేవారు. మధ్యాహ్నం దాటాక గుంజ నీడ సాగుతూ సాగుతూ వెళ్ళి ఆ రాయిని తాకితే ఆడవాళ్ళు ఒడ్డెక్కి కాళ్ళు కడుక్కునేవారు. తాతల నాటి నుంచి అదే ఒప్పందం. దానికి కాగితమూ లేదు, సాక్షీ లేడు.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులవి. ఆ యేడు యాసంగి నాట్లలో రాయి నడవడం మొదలుపెట్టింది. రోజుకు జానెడు. దొరగారి గుమాస్తా పొద్దున్నే అందరికంటే ముందు వచ్చి దాన్ని కాలితో తోసేవాడని తరువాత తెలిసింది. జానెడు దూరం ఒక్కరోజులో ఎవరి కంటా పడదు. పదిహేను రోజులయ్యేసరికి మాత్రం మా అమ్మ ఇల్లు చేరేటప్పటికి పొద్దు గూకిపోయేది. గాసునూనె దొరకక దీపం పెట్టే దిక్కులేదు. వెలుతురుండగానే పుల్లలు ఏరుకోవాలి, జొన్నలు దంచుకోవాలి, గటక వండుకోవాలి. అమ్మ చీకట్లో పొయ్యి ఊదుతుంటే మా చెల్లె గటక దిగకముందే నిద్రపోయేది. లేపినా లేచేది కాదు.

మా పక్కింటి అక్కకు ఆరు నెలల పాప. ఆమె భర్త మేడ్చల్ అవతల రాళ్ళు కొట్టే పనిలో ఉండేవాడు. పాపను మా నాయనమ్మ చూసుకునేది, పాల వేళకు పొలానికి మోసుకుపోయే పని నాది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. సాయంత్రం పాలు ఇంటికొచ్చి ఇవ్వాలని అక్క లెక్క. రాయి నడిచే కొద్దీ ఆ లెక్క తప్పింది. మడిలో వంగి నాటు వేస్తుండగానే పాలు చేపి ఆమె రవిక తడిసిపోయేది. ఇంట్లో పాప ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకునేది.

రాయి కదులుతోందని ముందుగా పసిగట్టింది ఆమే. ఒకరోజు బువ్వ వేళకు నన్ను గట్టు మీదికి తీసుకుపోయి ఒక చోటు చూపించింది. అక్కడ గడ్డి గుండ్రంగా పాలిపోయి ఉంది. చాలా రోజులు రాయి కింద ఉన్న గడ్డి అలాగే అవుతుంది. రాయి మాత్రం దూరాన ఎక్కడో ఉంది.

ఆ సాయంత్రం గుంజ నీడ ఆ పాలిపోయిన గడ్డిని తాకగానే పాప వంకతో ఒడ్డెక్కి, నన్ను సూర్యుడికి వీపు పెట్టి నిలబడమంది. నా తల నీడ పడిన చోట ఒక పెంకు పెట్టింది. మడమకు కాలి వేలు ఆనిస్తూ, నిలబడ్డ చోటు నుంచి పెంకు దాకా నా పాదంతో నన్నే కొలవమంది. పదహారు అడుగులు. తరువాత తన నీడను తన పాదంతో కొలిచింది. అదీ పదహారే. నేను ఆమె భుజం దాకా కూడా రాను, నాకు ఆశ్చర్యం వేసింది.

"పొట్టోనికి పొట్టి పాదం, పొడుగోనికి పొడుగు పాదం. ఎవ్వని నీడ వాని పాదానికి సరిపోతది. దొరదైనా గింతే. మా నాయిన గొర్ల కాడ నేర్పిండు నాకు," అంది.

ఎవరూ జరపలేని ఒక కొలత మా కాళ్ళ కిందే ఉందని ఆ రోజు నాకు అర్థమైంది. ఆ తరువాత మూడు రోజులు కనబడ్డ ప్రతివాడి నీడనూ కొలిపించాను.

నాలుగో రోజు అక్క నాటు వరుసలోని ఆడవాళ్ళందరికీ చెప్పింది. మరునాడు తమ నీడ పదహారు అడుగులు కాగానే అందరూ ఒక్కసారే ఒడ్డెక్కాలని అనుకున్నారు. ఒకావిడ, "నావి ఏనుగు పాదాలే, నా లెక్క తక్కువొస్తదేమో" అంది. "నీ నడుము గూడ గట్లనే ఉంది తియ్, సరిపోతది," అంది అక్క. మడి మడంతా నవ్వారు. పాపను చంకనేసుకుని నేనూ నవ్వాను.

ఆ సాయంత్రమే చెరువు కట్ట మీద గుమాస్తా కూర్చుని ఉన్నాడు. "ఇటు రా బిడ్డా," అని పిలిచాడు. దొర ఇంటి మనుషులెవరూ అంతకుముందు నన్ను ఒరేయ్ అని తప్ప పిలవలేదు. పక్కన కూర్చోబెట్టుకుని జేబులోంచి గొలుసు గడియారం తీసి నా చెవికి ఆనించాడు. లోపల ఏదో పురుగు కట్టెను కొరుకుతున్నట్టు చప్పుడు.

"గిసోంటిది ఎప్పుడన్న సూసినవా?"

నాకు పౌరుషం వచ్చింది. "మాకు గడియారం అక్కర లేదు. మా నీడ సాలు," అన్నాను.

ఆయన నమ్మనట్టు ముఖం పెట్టాడు. నేను లేచి నిలబడి, పెంకు పెట్టి, కొలిచి చూపించాను. ఆయన "షాబాష్" అన్నాడు, గొలుసు గడియారం మళ్ళీ ఒకసారి చెవికి పెట్టాడు, ఎవరు నేర్పారని అడిగాడు. చెప్పాను. ఎందుకు నేర్పిందని అడిగాడు. అదీ చెప్పాను. రేపు పదహారుకు అందరూ ఒడ్డెక్కుతారని కూడా అడగకుండానే చెప్పాను. ఆయన నా తల నిమిరి నిమ్మకాయంత బెల్లం ముక్క చేతిలో పెట్టాడు. చెల్లెకు పంచవలసి వస్తుందని ఇంటికి చేరేలోపలే నాకి నాకి అయిపోగొట్టాను.

మరునాడు పాపను ఎత్తుకుని వెళ్ళేసరికి మావాళ్ళంతా గట్టు మీద నిలబడి ఉన్నారు. మడిలో ఎవరో కొత్తవాళ్ళు వంగి ఉన్నారు. తెల్లవారకముందే పక్క ఊరి నుంచి రెండు బండ్లలో దింపారట. నాట్ల కూలి గింజలే మాకు సగం యేడు తిండి. ఆ గింజలు పోతే ఏమవుతుందో అక్కడున్న ప్రతి మనిషి ముఖంలో కనబడుతోంది. గుమాస్తా ఎవరినీ తిట్టలేదు. గొంతు పెంచలేదు. అందరూ వినేటట్టు అక్కతో ఒక్క మాట అన్నాడు:

"నువ్వు దిగమ్మా. నీ జాగ నీకు పెట్టిన."

అంతే. ఆమెను తప్ప ఇంకెవరినీ పిలవలేదు. అక్క కదల్లేదు. "అందరు దిగితెనే నేను దిగుత," అంది. కానీ ఆ మాట ఎవరూ వినిపించుకోలేదు. అందరూ ఆమె వంక చూస్తున్నారు. మా అమ్మ కూడా. ఏనుగు పాదాలావిడ ఉమ్మి, "ఎన్ని గింజలిస్తనన్నడే?" అంది.

నేను అక్కడే ఉన్నాను. పాప నా చంకలో ఉంది. నోరు తెరిస్తే సరిపోయేది.

రెండు రోజులకు మావాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళి, రాయి ఎక్కడుంటే అక్కడే ఒప్పుకుని మడిలో దిగారు. దిగేటప్పుడు గుమాస్తా, "పెంకు వెట్టి కొల్సుకోండ్రి, పదారు అడుగులైనయా?" అని నవ్వేవాడు. అక్క కూడా వెళ్ళింది, కానీ వరుసలో ఆమె పక్కన నిలబడడానికి ఎవరూ రాలేదు. నాటు ఒంటరిగా వేసే పని కాదు. ఆదివారం చర్చిలో కూడా ఆడవాళ్ళు చాప జరుపుకుని కూర్చున్నారు. నెల తిరగకముందే ఆమె భర్త దగ్గరికి, రాళ్ళు కొట్టే పనికి, బయలుదేరింది.

పొద్దున్నే మూట నెత్తిన పెట్టుకుని, పాపను వీపున కట్టుకుని మా వాకిట్లో ఆగింది. మా అమ్మ తలుపు తీయలేదు. నేను బయటికి వచ్చాను.

"నువ్వే జెప్పినవని నాకెర్క," అంది నెమ్మదిగా. "నేను నీకు నేర్పిన మాటలే ఆయన నోట్లకెల్లి వచ్చినయి. పెంకు వెట్టి నేర్పింది నీకొక్కనికే."

నేను ఏడ్చాను.

"ఇప్పుడు జెప్తె నిన్ను జంపుతరు. పిలగాన్ని అడ్డం పెట్టుకున్నదని నన్నంటరు. పెద్దోనివైనంక జెప్పు. మర్సిపోకు."

మేడ్చల్ దారి పట్టింది. ఆమె నీడ పడమటికి పొడుగ్గా పడి ఉంది. తరువాత ఆమెను నేను చూడలేదు.

ఇప్పుడు నాకు యాభై దాటింది. దొర పోయాడు, ఆ గుంజా పోయింది. మేడ్చల్ దారి పొడుగునా ఫ్యాక్టరీలు వచ్చాయి. అయినా నమ్మించి ముంచిన ఆడమనిషిని మా ఊళ్ళో ఈనాటికీ ఆ అక్క పేరు పెట్టి తిడతారు. ఆమెను చూడని పిల్లలు కూడా తిడతారు. అందుకే ఆ పేరు ఇక్కడ రాయలేదు. మా అమ్మ చనిపోయే ముందు ఏడాది కూడా ఒకరోజు పాత నాట్ల మాట వచ్చి ఆమెను శపించింది. మంచం పక్కన కూర్చుని వింటున్నాను. అమ్మకు ఈ వయసులో మనసు పాడుచేయడమెందుకని అనుకున్నాను. అంతకుముందు నా పెళ్ళి అయ్యాక చెబుదామని అనుకున్నాను. దానికి ముందు ఉద్యోగం దొరికాక అని.

దయగా పిలిచినవాడు ఏం అడుగుతున్నాడో చూసుకోవాలని ఆ బెల్లం ముక్క నాకు నేర్పింది. అది నేర్చుకోవడం తేలికే. రెండోది నేర్చుకోవడానికి నలభై యేళ్ళు పట్టింది. ఎండలో నిలబడితే ఇప్పటికీ నా పాదాలు వాటంతట అవే నీడను కొలవడం మొదలుపెడతాయి. పదహారు రాగానే ఆ వాకిలి గుర్తొస్తుంది. రాయిని కదిలించినవాడు గుమాస్తా ఒక్కడే అనుకుంటూ బతికాను. అక్క చెప్పమన్న రోజును రోజుకు జానెడు చొప్పున నేనూ జరుపుతూ వచ్చాను.

గుమాస్తాకు చెప్పింది ఆమె కాదు. నేను.