కారుకి అరంగుళం కుట్టు

మామయ్యగారి కంటికి లోకంలో ఏ వస్తువూ కోయకుండా సరిపోయినట్టు కనిపించదు. జీవితమంతా దర్జీగా కత్తెర ఆడించి, దుకాణం కొడుక్కి అప్పజెప్పి, ఆయన ఇనుము కోసే గ్రైండర్ కొనుక్కున్నారు. మెడలో టేపు మాత్రం దిగలేదు. ఇంటి గేటు కిందకు జారిందని కోశారు. ఇప్పుడు దాని కింద నుంచి వీధికుక్కలు దర్జాగా వచ్చిపోతున్నాయి. ఇనపమంచం కోళ్లు సమం చేయబోయి, చేసి చేసి దాన్ని పీట చేశారు. నిప్పురవ్వలు పడి చొక్కాకి పడ్డ చిల్లులు కనపడకుండా రఫ్ఫు చేసుకునేదీ ఆయనే.

అలాంటి మనిషి కన్ను కోడలు కొన్న పాత కారు మీద పడింది. అది అత్తయ్య కోసం కొన్న కారు. మోకాలు బిగుసుకుపోయి కాలు మడవలేక, ఆటోలూ బస్సులూ ఎక్కలేక, ఊరి ఆ చివర ఉన్న అక్కను చూడక ఆవిడ బెంగపెట్టుకుంది.

"మామయ్యా, ఆదివారం అత్తయ్యని ఎలాగైనా తీసుకెళ్లాలి. కారు జోలికి రాకండి."

"తుప్పు ఒక్కటి తీసేస్తానమ్మా. అంతే."

తుప్పు రేకు మీద సుద్దతో గీత గీశారు, కళ్లద్దాలు పెట్టుకుని కోశారు. అతుకు ముక్క మాత్రం కంతకన్నా పెద్దదైంది. అతికించడానికొచ్చిన పక్కింటి వెల్డర్ తల పట్టుకున్నాడు.

"రేకుకి కుట్టేమిటి మామా?"

"అరంగుళం వదలకపోతే రేపు బిగుతైతే ఎలా విప్పుతావురా?"

"కారు ఒళ్లు చేస్తుందా?"

మర్నాడు మామయ్యగారు అత్తయ్యని గోడకు నిలబెట్టి తుంటి నుంచి మడమదాకా కొలిచారు.

"ఏం కుడుతున్నావయ్యా?"

"నైటీ."

"మడమ చుట్టూ కూడా కొలుస్తున్నావేం?"

"మంచి నైటీ."

శనివారం కోడలు ఆఫీసు నుంచి వచ్చేసరికి ముందు సీటు వాకిట్లో ఉంది. కారు కిటికీల్లోంచి నిప్పురవ్వలు ఎగసిపడుతున్నాయి. వెనక సీటు సగానికి సగం కోసి అవతల పడేసి ఉంది. ఆమెకి ఏడుపొక్కటే తక్కువ.

"ఒక్కపూట ఆగలేకపోయారా మామయ్యా? అత్తయ్యకి ఏం చెప్పను?"

"ఫిట్టింగు చూడకుండా కోప్పడకూడదమ్మాయ్" అని ఆయన మళ్లీ లోపలికి దూరారు.

ఆదివారం ఉదయం సీటు మళ్లీ కారులోకి చేరింది. సీటు కింది పట్టాలు కోసి, వెల్డర్ చేత బాగా వెనక్కి అతికించి, సీటు పక్కకు తిరిగేలా చేశారు. అత్తయ్య అనుమానంగానే కూర్చుంది. సీటు తలుపు వైపు నుంచి మెల్లగా లోపలికి తిరిగింది. బిగుసుకున్న కాలు చాపినది చాపినట్టే లోపలికి వెళ్లింది. మడమకీ ముందున్న రేకుకీ మధ్య సరిగ్గా అరంగుళం మిగిలింది.

అత్తయ్య కాసేపు కాలినే చూసుకుంది. "నైటీ బాగా కుదిరింది" అంది. కోడలికి కోపం ఎటుపోయిందో తెలియలేదు.

"మరి నువ్వెక్కడ కూర్చుంటావయ్యా?"

మామయ్యగారు కోడలి వెనకాల మిగిలిన సగం సీట్లోకి దూరారు. మోకాళ్లు గడ్డానికి తగిలాయి. అందరినీ కొలిచిన మనిషి తన కొలత మాత్రం మరిచిపోయారు.

"హాయిగానే ఉంది, పోనివ్వండి" అన్నారు మోకాళ్ల మధ్య నుంచి.

కోడలు స్టీరింగ్ వదిలేసి కారు దిగింది. వెనక తలుపు తీసి ఆయన మెడలోంచి టేపు లాక్కుంది.

"సుద్దముక్క ఇలా ఇవ్వండి మామయ్యా. మీ మోకాళ్లకి నా సీటు వెనక ఎంత కోయాలో గుర్తు పెడదాం."