పోచమ్మ మేకను చిరుత తిన్న ఉదయం

గత జనవరి పన్నెండవ తేదీ, ఉదయం ఆరున్నర గంటలు. శామీర్‌పేట సమీపంలోని మా ఇంటి వెనుక, పోచమ్మకు మొక్కిన మేకపోతు సగం తినేసినట్టుగా పడి ఉంది. చుట్టూ చిరుతపులి అడుగుజాడలు. మొక్కిన మేకను కట్టేయకూడదన్నది మా ఆచారం. అందుకే అది రాత్రంతా బయటే ఉండేది.

మేం బాపు అని పిలిచే నాన్న కోపంతో పురుగుమందు డబ్బా తెచ్చాడు. మిగిలిన మాంసం తినడానికి చిరుత మళ్లీ వస్తుందని, అప్పుడు చస్తుందని ఆయన ఉద్దేశం. మా కుటుంబంలో తొలి పట్టభద్రుడినైన నేను చట్టం గురించి, అడవి గురించి ఎంతో వివరించాను.

"నీ సదువు మేకను లేపుతదారా?" అన్నాడు బాపు.

అంతలో బాపు తల్లి అయిన మా అవ్వ ఆయనకు అడ్డంగా నిలబడింది. "మొక్కింది పోచమ్మకే గదరా! తన వంతు తాను తిన్నది. అమ్మ తినే పళ్లెంల మందు వోస్తవా?"

బాపు డబ్బాకు మూత పెట్టాడు.

అవ్వ నిజంగానే నమ్మిందా, లేక కొడుకును ఆపడానికే అలా అన్నదా? ఆ సాయంత్రమే ఆమె మరో మేకపోతును మొక్కి, స్వయంగా దాని మెడకు తాడు వేసి దొడ్డిలో కట్టింది.

"పోచమ్మే తిన్నదంటివి, మరి కట్టుడెందుకవ్వా?" అని అడిగాను.

"పోచమ్మకు ఆత్రమెక్కువ బిడ్డా. గీసారి బోనాల దాకన్న ఆగనియ్యి."

ఆమె నిజంగా నమ్మిందో లేదో నాకు నేటికీ అర్థం కాలేదు. అప్పటి నుండి మా వాడలో మొక్కు మేకలను కూడా రాత్రిపూట దొడ్డిలోనే కట్టేస్తున్నారు.